తప్పు ఎల్విన్‌కు నివాళి

కుమ్ హెలిగ్ లోయలో ఇంటిపేర్లు మొత్తం ఏడు. పదకొండు పల్లెలకీ కలిపి ఏడే. మోర్గన్, రీస్, ఎవన్స్ అని మొదలుపెడితే ఊపిరి తిప్పుకోకముందే జాబితా అయిపోతుంది. పెట్టుకునే పేర్లు కూడా తాతలవే కావడంతో, వీధిలో నిలబడి ఒకణ్ణి పిలిస్తే ఆరుగురు తల తిప్పుతారు. అందుకని ఒక్కొక్కరికీ ఒక్కో తోక తగిలిస్తారు. లోకమంతటా తోక వెనకుంటుంది, ఇక్కడ మాత్రం పేరుకి ముందుంటుంది. రొట్టెలు కాల్చేవాడు రొట్టెల డేవిస్. పద్దెనిమిదో ఏట ఎవరి పెళ్లిలోనో మెట్ల మీంచి జారిపడ్డ పాపానికి ఒకావిడ తొంభయ్యో ఏట కన్నుమూసేదాకా మెట్ల గ్వెన్‌గానే బతికింది. ఆ పేరు అడిగితే ఇవ్వరు, ఇచ్చాక వద్దంటే పోదు.

టెగ్విన్ రీస్‌లు ముగ్గురున్నారు. చేపలమ్మేవాడు చేపల టెగ్విన్. కుక్క కరిచినవాడు ఒంటిచెవి టెగ్విన్. మూడోవాడు ఎంపీ టెగ్విన్. ఈ మూడోవాడికి రాత్రీ పగలూ ఒకటే దిగులు. ఎంపీ అన్నది లోయ ఇచ్చిన పేరు కాదు, ఓట్ల పెట్టె ఇచ్చింది. ఓట్ల పెట్టె ఇచ్చినదాన్ని ఓట్ల పెట్టే తీసేసుకుంటుంది. అప్పుడు తను ఏ టెగ్విన్?

అతను ఎంపీ అయిన తీరు కూడా చెప్పుకోదగ్గదేమీ కాదు. అప్పట్లో బడిలో భూగోళం చెప్పేవాడు. గని కార్మికుల హాల్లో పార్టీ మీటింగు. నిలబడవలసిన అభ్యర్థికి ఆ సాయంత్రమే పిత్తాశయంలో రాళ్లు బయటపడ్డాయి. మర్నాటి పేపరుకి ఫొటో కావాలి. హాల్లో సూటు వేసుకున్నవాడు ఒక్కడే ఉన్నాడు, టెగ్విన్. అది కూడా మేనమామ అంత్యక్రియల నుంచి సరాసరి రావడం వల్ల. ఆ నల్లసూటే అతన్ని లండన్‌కి తీసుకెళ్లింది, ఇరవై నాలుగేళ్లు అక్కడే ఉంచింది. పార్లమెంటులో మొదటి ప్రసంగం, ఊళ్లోకి దిగి చెత్తడబ్బాలు దొర్లించే గొర్రెల మీద. విన్నవాళ్లు పదకొండుమంది. అందులో ఏడుగురు తమ వంతు కోసం కూర్చున్నవాళ్లు. ఒక ఏడాది చేపల శాఖలో చిన్న మంత్రి పదవి వస్తుందని పేపర్లో పేరు పడింది. తొమ్మిది రోజులు ఫోను పక్కనుంచి కదల్లేదు. తొమ్మిదోరోజు ఫోను మోగింది. కళ్లద్దాలు తయారయ్యాయి, వచ్చి తీసుకెళ్లమని దుకాణంవాళ్లు. ఆ అద్దాలు కూడా పెట్టుకునేవాడు కాదు, ఫొటోల్లో వయసు తెలుస్తోందని.

పని విషయంలో అతనిది ఒకటే పద్ధతి. ఏ కాగితమైనా మొదటి రెండు లైన్లు చదవాలి, మిగతాది దేవుడు చూసుకుంటాడు. దేవుడు చూసుకోనిది నెస్టా చూసుకునేది. ఆవిడ అతని ఆఫీసు నడిపే మనిషి. ఉత్తరాలకి జవాబులు, ఎన్నికల లెక్కలు, ఎవరి కుక్క కరుస్తుంది, ఎవరి భార్య అలిగింది, అన్నీ ఆవిడ బుర్రలోనే ఉండేవి.

నియోజకవర్గంలో అతని పేరు చెక్కిన శిలాఫలకం ఒక్కటుంది. గ్రంథాలయం ఎదురుగా బస్ షెల్టర్ మీద. ఆ లోయలో వాన ఎప్పుడొచ్చినా పడమటి నుంచే వస్తుంది. షెల్టర్ నోరు సరిగ్గా పడమటికే తెరుచుకుని ఉంటుంది. కట్టేటప్పుడు తూర్పుకి తిప్పుదామనుకున్న మేస్త్రీలని, వెనకాల కొండ కనబడితే ఫొటో బాగుంటుందని ఆపినవాడు మన భూగోళం మాస్టారే. అప్పట్నుంచి బస్సు కోసం నిలబడేవాళ్లు షెల్టర్ వెనకాల గోడ చాటున నిలబడతారు, లోపల మాత్రం వాన నిలబడుతుంది.

ఇప్పుడు మళ్లీ ఎన్నికలు, మూడు వారాలుంది. కిందటిసారి గెలిచింది రెండువందల పన్నెండు ఓట్లతో. ఈసారి ఎదురు నిలబడింది మెలెరి పగ్ అనే పశువుల డాక్టరు. టెగ్విన్ ఇరవై నాలుగేళ్లుగా మనుషుల చేతులు పట్టుకుని ఊపుతూ వచ్చాడు. ఆవిడ చెయ్యి నియోజకవర్గంలో ప్రతి ఆవుకీ భుజందాకా తెలుసు. ఏది గట్టి పరిచయమో రైతుని అడగనక్కర్లేదు.

భార్య కైన్వెన్ వెన్న రాస్తూ రాస్తూ ఒక పొద్దున అననే అంది.

"ఓడితే నిన్నేమంటారో చూడాలి టెగ్. మాజీ టెగ్విన్ అంటారా? అది పేరులా లేదు, జబ్బులా ఉంది."

అతను నవ్వలేదు. రాత్రంతా తను ఆలోచిస్తున్నది కూడా అదే మరి.

ఆ వారంలోనే నెస్టాకి జలుబూ జ్వరమూ పట్టుకున్నాయి. ఫోన్లో ముక్కు చీదుకుంటూ, మన కరపత్రాల ఎల్విన్ పోయాడని చెప్పింది. ఎల్విన్ మోర్గన్ అంటే ఇరవై నాలుగేళ్లు వానలో ఆ నిట్టనిలువు వీధులెక్కి, తలుపులకుండే, వేళ్లు కొరికే ఉత్తరాల కంతల్లో టెగ్విన్ బొమ్మ ఉన్న కాగితాలు దూర్చినవాడు. అతని వీధిలో నూటయాభై ఓట్లున్నాయి. వెళ్లి నాలుగు మంచి మాటలు మాట్లాడు, వేళ పేపర్లో వేశారు చూసుకో అంది నెస్టా.

లోయ మొత్తంలో మనిషి తోక తెగే చోటు ఒక్కటే ఉంది, పేపర్లో చావు ప్రకటన. పోయినవాడికి గౌరవంగా ఉండాలని అక్కడ తోక లేకుండా వేస్తారు. టెగ్విన్ అద్దాలు లేని కళ్లని చికిలించి చూశాడు. 'ఎల్విన్ మోర్గన్, సారోన్ చాపెల్, శుక్రవారం పదకొండు గంటలకు.' మొదటి రెండు లైన్లూ అయిపోయాయి గనక పేపరు మడిచేశాడు. మూడో లైన్లో ఇంకో ఎల్విన్ మోర్గన్ ఉన్నాడు. హోరెబ్ చాపెల్, అదే శుక్రవారం, రెండు గంటలకు. కరపత్రాల ఎల్విన్ ఈ రెండోవాడు.

వందేళ్ల కిందట ఆర్గన్ వాద్యం కొనాలా వద్దా అని దెబ్బలాడుకుని ఊరి ప్రార్థనామందిరం, అంటే చాపెల్, రెండుగా చీలింది. ఎంపీ అన్నవాడు ఒక దాంట్లో ఎక్కువ కనబడకూడదు. కాబట్టి టెగ్విన్ ఒక ఆదివారం ఇక్కడ, ఒక ఆదివారం అక్కడ కూర్చునేవాడు. ఎవరిది ఏ చాపెలో అతనికి చచ్చినా గుర్తుండేది కాదు.

మరి సారోన్‌లో ఉన్న మొదటి ఎల్విన్ ఎవరు? ఉత్తరాల ఎల్విన్. రైల్వేలో సిగ్నళ్లు చూసి రిటైరైన మనిషి. ఇరవై మూడేళ్లుగా ప్రతి సోమవారం ఎంపీ గారికి ఒక ఉత్తరం, ఎప్పుడూ ఆ బస్ షెల్టర్ గురించే.

శుక్రవారం పదకొండుకి టెగ్విన్ అదే జాతి నల్లసూటుతో సారోన్ గుమ్మం ఎక్కి, నేనూ రెండు మాటలు చెప్తానని అక్కడి పెద్దమనిషి చెవిలో అన్నాడు. ఆ పెద్దాయన కనుబొమలు నుదుటిదాకా వెళ్లొచ్చాయి.

"మీరా? ఎల్విన్ గురించా?"

"నేను కాక ఇంకెవరు చెప్పాలి?"

"నిజమే," అని ఆయన కొంచెంసేపు ఆలోచించాడు. "మీకున్నంత పరిచయం ఎవరికుంది?"

కార్యక్రమం కాగితం చేతికిస్తే టెగ్విన్ జేబులో పెట్టుకున్నాడు. ముందు వరసలో మొహాలు అలికేసినట్టు కనబడుతున్నాయి. పాట మొదలైంది. నాలుగు గొంతులు నాలుగు దారుల్లో లేచి కప్పు దగ్గర కలిశాయి. టెగ్విన్ మంద్ర గొంతుతో కలిపాడు. ఆ ఒక్క విషయంలో అతనికి ఎవరూ వంక పెట్టలేదు. పాట అయ్యాక వేదిక ఎక్కాడు.

"ఎల్విన్ లాంటి స్నేహితుడు నాకు దొరకడు," అని మొదలుపెట్టాడు. "ఇన్నేళ్లలో ఆ నోటి వెంట నా గురించి ఒక్క ఫిర్యాదు విన్నవాళ్లు ఈ హాల్లో ఉన్నారా?"

హాలు బిగుసుకుపోయింది. మూడో వరసలో ఎవరి భుజాలో కదిలాయి. ఏడుస్తున్నారనుకుని టెగ్విన్ ఇంకొంచెం గొంతు పెంచాడు. వానైనా వరదైనా నా కోసం ఇల్లు కదిలేవాడన్నాడు. నేను చేసిన ప్రతి పనీ మెచ్చుకునేవాడన్నాడు. ఒక్కొక్క వాక్యానికీ రుమాళ్లు మొహాల మీదికి వస్తున్నాయి. గాయకుల వరసలో లావుపాటి మనిషి ఒకడు పాటల పుస్తకం కొరుకుతున్నాడు. ఇరవై నాలుగేళ్లలో ఏ ప్రసంగానికీ జనం ఇంతగా కదిలిపోవడం టెగ్విన్ చూడలేదు. ఆవేశం ఆగక, మన బస్ షెల్టర్ దగ్గర ఎల్విన్ నా చెయ్యి పట్టుకుని ఏమన్నాడో తెలుసా అనేశాడు.

వెనక బెంచీలో ఒక ముసలమ్మ బయటికి లేచి వెళ్లిపోయింది. ఆవిడ వెనకే ఇద్దరు.

తర్వాత పాట ఏదో చెప్పి దిగుదామని టెగ్విన్ జేబులోంచి కాగితం తీశాడు. అంకెలు కనబడకపోతే తప్పనిసరై అద్దాలు పెట్టుకున్నాడు. కాగితం మీద ఫొటో ఉంది. సన్నటి మొహం, బిగించిన పెదాలు, జేబులో మూడు కలాలు. ఎన్నేళ్లుగానో శనివారం శనివారం గ్రంథాలయంలో తను పెట్టే దర్బారుకి ముందుగా వచ్చి కూర్చునే మొహం అది. పప్పులో కాలేశాడని అప్పటికి తెలిసింది, అది కూడా మోకాలిదాకా. తలెత్తి చూశాడు. ఇప్పుడు అద్దాలున్నాయి గనక అన్ని మొహాలూ స్పష్టంగా కనబడ్డాయి. ఎవరూ ఏడవడం లేదు. ముందు వరసలో ఎల్విన్ కూతురు హెలెద్ మాత్రం కన్నార్పకుండా తననే చూస్తోంది.

ఆమెన్ అని దిగిపోవచ్చు. పార్లమెంటులో అలా ఎన్నోసార్లు దిగిపోయాడు. కానీ హెలెద్ చూపు ముందు కాళ్లు కదల్లేదు. అతనికి మనసారా సిగ్గేసింది, అదీ ఎన్నో ఏళ్ల తర్వాత.

"నేను వేరే ఎల్విన్ గురించి మాట్లాడాను," అన్నాడు. "ఈ ఎల్విన్ నాకు వారానికో ఉత్తరం రాశాడు. అన్నీ షెల్టర్ గురించే. నేను మొదటి రెండు లైన్లు చదివి, మీ ఆందోళనను శ్రద్ధగా గమనించాం అని జవాబు పంపించేవాణ్ణి. షెల్టర్ కౌంటీ కౌన్సిల్ వ్యవహారం అని తప్పించుకునేవాణ్ణి. పేరు మాత్రం దాని మీద నాదే ఉంది."

తప్పించుకునే మాటలు అయిపోయాయి. ఇక మిగిలింది నిజం ఒక్కటే.

"మూడో ఉత్తరానికి ఎవరైనా విసిగిపోతారు. ఈయన వెయ్యి దాటించాడు. నేనేదో ఒకటి చేస్తానని ఇన్నేళ్లు నమ్మినవాడు ఈ లోయలో ఈయనొక్కడే. నేను కూడా నమ్మలేదు."

ముందుగా పాటల పుస్తకం కొరుకుతున్నవాడి నోట్లోంచి నవ్వు జారింది. అది బెంచీ నుంచి బెంచీకి పాకింది, పాస్టరు గారు కూడా గోడవైపు తిరిగారు. శవపేటిక ముందు నవ్వకూడదని తెలిసినవాళ్లే అందరూ, అందుకే ఆపుకోలేకపోయారు. హెలెద్ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, పెదాలు నవ్వుతున్నాయి.

తర్వాత వెనక గదిలో టీ, హామ్ శాండ్‌విచ్‌లు, ఎండుద్రాక్షల రొట్టె. టెగ్విన్ ఒక మూల కప్పు పట్టుకుని కుడితిలో పడ్డ ఎలుకలా నిలబడ్డాడు. హెలెద్ దగ్గరికొచ్చి, నాన్న ఉంటే మీ ప్రసంగం పొడుగైందని సోమవారం ఉత్తరం రాసేవాడని అంది. చేతిసంచిలోంచి అంటించని కవరు తీసిచ్చింది. ఈ సోమవారం పోస్టు చెయ్యాల్సిందట. అతను అలవాటు చొప్పున రెండు లైన్లు చదివి మడవబోయాడు.

"మొత్తం చదవండి," అంది హెలెద్. "ఎలాగూ ఇదే ఆఖరుది."

చదివాడు. సోమవారం నుంచి శనివారం దాకా వానకి తడిసి డాక్టరు దగ్గరికి వెళ్లిన ముసలివాళ్ల పేర్లున్నాయి, తోకలతో సహా. గాలి ఏ రోజు ఎంత కోణంలో వీచిందో ఉంది. షెల్టర్‌ని తిప్పడానికి ఎన్ని బోల్టులు విప్పాలో బొమ్మ గీసి ఉంది. పదహారు. అన్నిటికన్నా కింద నాలుగు లైన్లున్నాయి.

'ఎన్నికలొస్తున్నాయి. ఎప్పటిలాగే నా ఓటు మీకే. మీమీద ప్రేమ కొద్దీ కాదు. మీరు ఓడిపోతే ఈ సంగతంతా కొత్తవాళ్లకి మొదట్నుంచి రాయాలి. ఈ వయసులో నాకంత ఓపిక లేదు.'

"ఇది ఈసారే రాశారా?"

"ప్రతి ఎన్నికలకీ రాసేవాడు," అంది హెలెద్. "మీకు తెలీదా?"

టెగ్విన్‌కి తెలీదు. తన ఓటర్లలో ఏ ఒక్కరి మనసైనా కచ్చితంగా తెలిసే వీలుందంటే అది ఇతనిదే. అది ప్రతిసారీ రెండో పేజీ చివర ఉంది. కవరు కోటు లోపలి జేబులో పెట్టుకుని, హెలెద్ చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఊపలేదు.

రెండు గంటలకి హోరెబ్ చేరేసరికి కబురు అతనికన్నా ముందే వీధి దాటి అక్కడ కూర్చుంది. జనం పాట మొదలవకముందే రుమాళ్లు చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. కరపత్రాల ఎల్విన్ భార్య మార్గెడ్ గుమ్మంలోనే అతని చెయ్యి పట్టుకుంది.

"నాయనా, ఈసారి నా మొగుడి గురించే చెప్తావు కదూ?"

పొద్దున చెప్పిన మాటలే చెప్పాడు. వానైనా వరదైనా ఇల్లు కదిలేవాడనగానే హాలు గొల్లున నవ్వింది. ముందుగా నవ్వింది మార్గెడే. ఆయన నవ్వకుండా ఉండగలిగేవాడా, నువ్వే చెప్పు అని తర్వాత ఆవిడే అంది.

నెస్టా జ్వరంతో మంచంమీంచే తల బాదుకుంది. ఒక్క రోజులో రెండు చాపెళ్లు పోగొట్టావు, శత్రువు డబ్బిచ్చి చేయించినా ఇంత బాగా చేసేవాడు కాదంది. పార్టీ పెద్దాఫీసు నుంచి ఒక కుర్రగొంతు ఫోన్ చేసి, ఎన్నికలయ్యేదాకా ఎవరి చావుకీ వెళ్లొద్దని ఆదేశించింది.

ఆదివారం సాయంత్రం టెగ్విన్ కొండవీధిలో ఓట్లడగడానికి వెళ్లాడు. ఒక తలుపు తట్టాడు. ఒకావిడ తలుపు ఓరగా తీసి చూసింది. లోపల్నుంచి ఎవరే అని మొగుడు కేకేశాడు. ఆవిడ మెడ మాత్రం వెనక్కి తిప్పి, రోజూ చెప్పే మాటలాగే చెప్పింది.

"రెండుచావుల టెగ్విన్ వచ్చాడు."

గుమ్మంలో టెగ్విన్ ఓటడగడం మర్చిపోయాడు. ఇంటికొచ్చి టోపీ తియ్యకుండానే కైన్వెన్‌కి చెప్పాడు. అతని మొహం చూసి, మంత్రి పదవి వచ్చిందనుకుంది ఆవిడ.

మూడు వారాల గడువు తీరి గురువారం ఓట్లు పడ్డాయి, శుక్రవారానికి లెక్క తేలింది. పదమూడువందల నలభై ఓట్ల తేడాతో మెలెరి పగ్ గెలిచింది. ఎల్విన్‌లిద్దరూ బతికొచ్చినా, తను పాతికేళ్లలో సాగనంపినవాళ్లందరూ లేచొచ్చి వేసినా సరిపోనంత తేడా. టెగ్విన్ ఆవిడతో చెయ్యి కలిపాడు. ఆవుల సంగతి గుర్తొచ్చి కొంచెం గట్టిగానే కలిపాడు. మర్నాడు పేపరు కొట్టుకి వెళ్తే, మాజీ అని ఎవరూ అనలేదు, సార్ అని కూడా అనలేదు. రెండుచావులా, నీ పేపరు ఇదిగో అన్నారు. కొట్లో ఒంటిచెవి టెగ్విన్ కూడా ఉన్నాడు. నాకీ పేరు రావడానికి ఒక చెవి ఖర్చయిందని, నీకు మాత్రం ఊరికే వచ్చిందని అసూయపడ్డాడు.

ఊరికే రాలేదని టెగ్విన్‌కి తెలుసు.

ఆ సోమవారం అద్దాలు పెట్టుకుని బల్ల ముందు కూర్చుని, 'గౌరవనీయులైన పార్లమెంటు సభ్యురాలు పగ్ గారికి' అని మొదలుపెట్టాడు. ఎల్విన్ బొమ్మ చూసి పదహారు బోల్టులూ మళ్లీ గీశాడు. షెల్టర్‌ని అలా తిప్పించిన మూర్ఖుడెవడో కూడా దాచకుండా రాశాడు. పది రోజులకి జవాబొచ్చింది. 'మీ ఆందోళనను శ్రద్ధగా గమనించాం.' చదివి చాలాసేపు నవ్వుకున్నాడు. తర్వాతి సోమవారం మళ్లీ రాశాడు.

ఏడో సోమవారం వాన పడుతోంది. ఉత్తరం పూర్తయింది. కలం మూత పెట్టబోయి, ఆగి, దొంగలా అటూ ఇటూ చూసి కింద ఇంకో లైను చేర్చాడు. వచ్చే ఎన్నికల్లో నా ఓటు మీకే, మీరు పోతే ఇదంతా ఇంకొకరికి మొదట్నుంచి చెప్పే ఓపిక లేదు అని. వెనక నుంచి కైన్వెన్ భుజం మీదుగా చదివింది.

"నలభై ఏళ్లు మోసిన పార్టీ. వాళ్లకి తెలిస్తే?"

"తెలీదులే. ఎవరైనా మొదటి రెండు లైన్లే కదా చదివేది."

సంతకం చేశాడు. టెగ్విన్ రీస్ అంటే ముగ్గురిలో ఎవరో పగ్ గారికి తెలియొద్దూ? అందుకని పేరు ముందు ఖాళీలో, ఎల్విన్ రాతంత గుండ్రంగా, తన తోక కూడా రాశాడు.